ఇరుసు మూలుగు

తెలుగువాళ్లకు చప్పుళ్ల విషయంలో లోటు లేదు. జంతికలు కరకరలాడతాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, తలుపు కిర్రుమంటుంది, కంచుగిన్నె ఖంగుమంటుంది, రేకుల కప్పు మీద వాన దడదడలాడుతుంది. వ్యాకరణంలో వీటికి ధ్వన్యనుకరణాలని పేరు. ఈ పాఠం చెప్పే రోజున వెనక బెంచీలవాళ్లు కూడా నిద్రపోరు. ఇన్ని మాటలు ఉండి కూడా, మా బండి వెనకభాగంలోనుంచి వచ్చే చప్పుడు ఎటువంటిదో చెప్పవలసి వచ్చేసరికి మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా చెప్పాము.

"మూలుగుతున్నదండీ," అన్నది మా ఆవిడ.

"మూలుగు కాదు, నిద్రలో పళ్లు కొరికినట్టున్నది," అన్నది మా అమ్మ.

"అసలు చప్పుడే కాదు నాన్నా, వణుకు. సీటు కింద తెలుస్తున్నది," అన్నది అమ్మాయి.

నాకు మాత్రం గడగడమని వినిపించింది. రోగి ఒకడు, లక్షణాలు నాలుగు.

ఈ శీర్షికలో మామూలుగా మాటల సంగతులు రాస్తుంటాను. ఈ వారం ఇరుసు సంగతి రాస్తున్నాను. ఇందులోనూ మాటల గొడవ ఉన్నది కనుక పాఠకులు సర్దుకుపోగలరు. పైగా సెకండ్ హాండు బండి కొనని మధ్యతరగతి ఇల్లు ఈ రోజుల్లో తక్కువ. మాదీ అటువంటిదే. ఎత్తుగా, జీపు పోలికలో ఉంటుంది. వెనక చక్రాలు తోస్తే నడిచే రకం. దాని వెనక ఇరుసులో "లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్" ఉన్నదని అమ్మినాయన ఎంతో గొప్పగా చెప్పాడు. కంపెనీ పేరు ఎందుకు లెండి, ఈ కథలో కంపెనీ చేసిన తప్పేమీ లేదు.

బండి కింద వంగి చూస్తే రెండు వెనక చక్రాలను కలుపుతూ ఒక లావుపాటి ఇరుసు, దాని నడుమ గుమ్మడికాయంత ఉబ్బు కనిపిస్తుంది. డిఫరెన్షియల్ ఉండేది అందులోనే. అది ఎందుకో తెలియాలంటే ముందు ఎడ్లబండి దగ్గరకు పోవాలి. ఎడ్లబండి ఇరుసు తిరగదు. చక్రాలు దాని చివరల మీద, శీలల అడ్డుతో, దేనికది స్వేచ్ఛగా తిరుగుతాయి. లాగేది ఎడ్లు గనుక చక్రాలకు వెంట దొర్లడం తప్ప వేరే పని లేదు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరిగినా, లోపలి చక్రం తక్కువ తిరిగినా అడిగేవారు లేరు.

మోటారుబండి సంగతి అలా కాదు. అక్కడ చక్రమే ఎద్దు. ఇంజను బలం ఆ చక్రానికి అందాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించి తిప్పితే తిన్నగా పోయినంతసేపు బాగానే ఉంటుంది. మలుపు వచ్చిందా, చిక్కు మొదలవుతుంది. రెండు చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటరు అనుకుంటే, ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రంకన్న సుమారు తొమ్మిదిన్నర మీటర్లు ఎక్కువ నడవాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. లెక్కల మాస్టర్లను అడగండి, నిజమేనంటారు. మా చిన్నతనంలో కళ్లంలో బంతి కట్టి గడ్డి తొక్కించడం చూసినవాళ్లకు లెక్క కూడా అక్కర్లేదు. గుంజ దగ్గరి ఎద్దు నిలబడినట్టే ఉండేది, చివరి ఎద్దు పరుగెత్తేది.

ఇద్దరినీ నడిపిస్తూనే ఒకడిని మెల్లగా, ఒకడిని వడిగా పోనిచ్చే ఉపాయం దాదాపు రెండువందల ఏళ్ల క్రితం ఫ్రాన్సులో పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం కనిపెట్టాడు. ఇంజను నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది క్రౌను అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుకు ఒక డబ్బా బిగించి ఉంటుంది. ఆ డబ్బాలో, రెండు సగం ఇరుసుల చివర ఉన్న పళ్లచక్రాల మధ్య, చిన్న చిన్న గేర్లు ఇరుక్కుని ఉంటాయి. తిన్నగా పోయేటప్పుడు ఈ చిన్న గేర్లు తమలో తాము తిరగవు, డబ్బాతో కలిసి పోతాయి. మలుపులో మాత్రం తమ చుట్టూ తాము తిరిగి, ఒక చక్రానికి ఎంత తగ్గిస్తాయో రెండోదానికి అంత కలుపుతాయి.

ఇంత న్యాయమైన ఏర్పాటులో ఒక చిక్కున్నది. ఈ గేర్లు రెండు చక్రాలకూ బలం సమానంగా పంచుతాయి. ఒక చక్రం బురదలో పడి, తిరగడానికి బలమే అక్కర్లేని స్థితికి వచ్చిందనుకోండి. దానికి అందేది స్వల్పం. సమానపంపకం గనుక గట్టినేల మీద ఉన్న రెండో చక్రానికీ అదే స్వల్పం. బురదలోది గిర్రున తిరుగుతుంది, గట్టునున్నది కదలదు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లలో ఉన్న సూర్యలంక సముద్రపుటొడ్డున ఆదివారం సాయంత్రం నిలబడితే ఈ పాఠం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. కొత్తబండి మోజులో ఇసుకలోకి దించుతారు. ఒక చక్రం గొయ్యి తవ్వుకుంటూ పోతుంది. తక్కిన కుటుంబమంతా దిగి తోస్తుంది. చీరెలనిండా ఇసుక.

మన రైతులకు దీనికి మందు ఎప్పటినుంచో తెలుసు. ట్రాక్టరు తోలేవారి కాలి దగ్గర డిఫరెన్షియల్ లాకు పెడలు ఒకటి ఉంటుంది. రేగడి మడిలో ఒక చక్రం జారితే దాన్ని తొక్కుతారు. రెండు చక్రాలూ ఒక్కటైపోయి ట్రాక్టరు బయటపడుతుంది. గట్టునేల మీద మలుపు తిరిగే ముందు వదిలేయాలి. వదలకపోతే ఇరుసుకే చేటు.

పూర్తి స్వేచ్ఛకూ పూర్తి కట్టడికీ మధ్య రకం లిమిటెడ్ స్లిప్. జారనిస్తుంది గాని హద్దులో జారనిస్తుంది. 1930లలో జర్మనీలో పందెపుకార్ల కోసం మొదలై, 1956లో అమెరికాలో ప్యాకార్డు కంపెనీ ద్వారా మామూలు కార్లకు వచ్చింది. మన దేశంలో అంబాసిడరుకూ ప్రీమియర్ పద్మినికీ ఉండినవి మామూలు రకం డిఫరెన్షియల్సే. 1983లో మారుతీ వచ్చాక ముందు చక్రాలు లాగే చిన్నకార్లు పెరిగి, వెనక ఇరుసులో గేర్లు ఉండే కార్లే తగ్గిపోయాయి. లిమిటెడ్ స్లిప్ మనకు టాటా సఫారీ స్టార్మ్ వంటి పెద్దబండ్లలో కొన్నిటికే వచ్చింది. అందుచేత దాని ఒళ్లు తెలిసిన మెకానిక్కులు ఊరికి ఒకరో ఇద్దరో. మా కథంతా అక్కడినుంచి వచ్చినదే.

మామూలుగా కనిపించే రకంలో డబ్బా లోపల, రెండు పక్కలా, సన్నని ఉక్కుబిళ్లలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒక బిళ్ల ఇరుసుతో తిరిగేది, పక్కబిళ్ల డబ్బాతో తిరిగేది. స్ప్రింగులు వాటిని నొక్కి పెడతాయి. ఒక చక్రం విడిగా గిర్రున తిరగబోతే ఈ బిళ్లల రాపిడి పట్టి ఆపుతుంది. మలుపులో మాత్రం అవి ఒకదానిమీద ఒకటి మెత్తగా జారాలి. ఆ మెత్తదనం ఇచ్చేది నూనె. వట్టి గేరు ఆయిలు చాలదు, అందులో ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే ద్రవ్యం కలిసి ఉండాలి. అది లేకపోతే బిళ్లలు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని కొట్టుకుంటాయి. నల్లబల్ల మీద సుద్దముక్కను నిలువుగా పట్టి లాగితే గీత పడక టకటకమని చుక్కలు పడతాయి చూశారా, సరిగ్గా అదే.

ఇక మా చప్పుడు. తెనాలిలో ఒక షాపులో బండికి అన్ని నూనెలూ మార్పించిన వారానికి మొదలైంది. సూర్యలంక వెళుతూ దారిలో బాపట్లలో ఒక వర్క్‌షాపులో చూపించాను. కుర్రవాడు బండెక్కి ఆవరణలో ఒక చుట్టు తిప్పి, దిగి, "క్రౌను పినియను పోయిందండీ. సెట్టు మొత్తం దించి కొత్తది ఎక్కించాలి," అన్నాడు. లక్షకు పైమాటే చెప్పాడు. ఆ నెలలోనే అమ్మాయికి ఇంజనీరింగు ఫీజు కట్టాలి. సముద్రం చూస్తూ కూర్చున్నామేగాని ఆ సాయంత్రం అలలెవరికీ వినపడలేదు.

మా అత్తవారిది రేపల్లె దగ్గర. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. ఆ విధంగా వాళ్లూ మేమూ వేరే జిల్లాలవాళ్లమయ్యాము. మరుసటి వారం వేమూరు, భట్టిప్రోలు మీదుగా అక్కడికి బయలుదేరాము. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీది లిపిని గురించి ఏటా క్లాసులో గంటసేపు చెబుతాను. ఆ రోజు ఆ ఊరి మలుపుల్లో మాత్రం లిపి గుర్తు రాలేదు. ప్రతి మలుపుకూ సీటు కింద గడగడ, దానితోపాటు నా గుండెలో లక్ష రూపాయలు.

రేపల్లెలో మా బావమరిది తన బండికి నమ్మకంగా చూపించే పెద్ద మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. అరవై దాటిన మనిషి, లారీల మీద పని నేర్చినవాడు. మా నాలుగు ధ్వన్యనుకరణాలూ వరసగా వినిపించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అంతా విని, "ఎలా ఉంటుందో తరువాత చెబుదురుగాని మాస్టారూ, ఎప్పుడు వస్తుందో చెప్పండి," అన్నాడు.

నాకు ముచ్చట వేసింది. క్రియకు కాలం ఉన్నట్టే చప్పుడుకూ కాలం ఉన్నదన్నమాట. ఆ తరువాత ఆయన వేసిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు కొమ్మలు. యాక్సిలరేటరు నొక్కినప్పుడా, వదిలినప్పుడా? తిన్నగా పోయేటప్పుడా, మలుపులోనా? బయలుదేరగానేనా, పది కిలోమీటర్లు పోయాకనా? వేగం పెరిగితే చప్పుడు సన్నబడుతుందా, లావవుతుందా? రోడ్డు మారితే మారుతుందా? న్యూట్రల్లో దొర్లనిస్తే ఉంటుందా, పోతుందా?

ఈ ప్రశ్నలకు ఎవరైనా జవాబులు తెచ్చుకోవచ్చు. పనిముట్లేమీ అక్కర్లేదు, ఖాళీరోడ్డు ఉంటే చాలు. గుయ్యిమని సాగే రొద యాక్సిలరేటరు నొక్కినప్పుడు పుట్టి, వదలగానే తగ్గితేనో, స్వరం మారితేనో క్రౌను పళ్లనూ పినియన్ పళ్లనూ అనుమానించాలి. నొక్కినప్పుడు పళ్లకు ఒక ముఖం రాసుకుంటుంది, వదిలినప్పుడు రెండో ముఖం. ఏ ముఖం అరిగితే ఆ సమయంలోనే అరుస్తుంది. వదిలినప్పుడే అరిచేదానిలో పినియన్ బేరింగు వదులై ఉండటమూ కద్దు. నొక్కినా వదిలినా ఒకేలా, వేగాన్నిబట్టి మాత్రమే పెరిగే గరగర బేరింగులది. అదే గరగర, ఖాళీరోడ్డున బండిని కొంచెం ఎడమకూ కుడికీ వాల్చినప్పుడు ఒక వైపు పెరిగి ఒక వైపు తగ్గితే డిఫరెన్షియల్‌ను వదిలిపెట్టి చక్రం బేరింగు చూడాలి. తారురోడ్డు మీద ఒకలా, సిమెంటురోడ్డు మీద ఒకలా వినిపించేది టైరు. టైర్ల చప్పుడుకు డిఫరెన్షియల్ దింపించుకున్న పుణ్యాత్ములు ఉన్నారు. క్లచ్చి వదిలి కదిలే క్షణంలోనే ఒక్కసారి టంగుమని ఊరుకునేది పళ్ల మధ్య సందు పెరగడంచేత కావచ్చు, షాఫ్టుకున్న యూనివర్సల్ జాయింటు అరగడంచేత కావచ్చు. రెండోది చవుక, దానినే ముందు చూడాలి.

నాకు బాగా నచ్చినది పన్ను విరిగిన చప్పుడు లెక్క. ఛందస్సు చెప్పుకునేవాడిని గదా. విరిగిన పన్ను టకటకమని తాళం వేస్తుంది. ఆ తాళం లెక్కపెడితే విరిగినది ఏ చక్రం పన్నో తెలుస్తుంది. ఇటువంటి ఎత్తుబండి టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగాన పోతే చక్రం సెకనుకు ఇంచుమించు ఒక్కసారి తిరుగుతుంది. క్రౌను కూడా చక్రంతోపాటు తిరిగేదే గనుక, దాని పన్ను విరిగితే సెకనుకు ఒక్క టక్కు. పినియన్ అదే సమయంలో సుమారు నాలుగుసార్లు తిరుగుతుంది, అందుచేత దాని పన్ను విరిగితే సెకనుకు నాలుగు టక్కులు. గురువు ఒకటా, లఘువులు నాలుగా అన్నంత తేలిక. ఈ మాట అంటే పెద్ద మెకానిక్కు నవ్వి, "ఆ పేర్లు నాకు తెలియవండీ, నేను వేలితో తొడమీద కొట్టుకుంటా," అన్నాడు. మా ఛందస్సు మాస్టారూ అలాగే చేసేవారు.

మా జవాబులు ఇలా వచ్చాయి: మలుపులోనే, అందులోనూ మెల్లగా, బిగువుగా తిరిగేటప్పుడే. తిన్నగా ఎంత వేగంగా పోయినా నిశ్శబ్దం. బయలుదేరినప్పుడు లేదు, నూనె వేడెక్కాక వస్తుంది. నొక్కడం వదలడంతో సంబంధం లేదు. ఆయన ఇంకొక్కటే అడిగాడు, "ఈమధ్య ఇరుసులో నూనె మార్చారా?"

తరువాత బండిని గట్టునేల మీద నిలిపాడు. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాడు. చేతిబ్రేకు వెనక చక్రాలకే పనిచేస్తుంది గనుక ఈ పరీక్షకు దానిని వదలాలి, అందుకే దిమ్మలు. వెనక ఇరుసును జాకీలతో ఎత్తి స్టాండుల మీద నిలిపి, గేరు న్యూట్రల్లో పెట్టి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాడు. మామూలు డిఫరెన్షియల్ అయితే రెండోది వెనక్కు తిరుగుతుంది. బిళ్లలరకం లిమిటెడ్ స్లిప్ ఆరోగ్యంగా ఉంటే రెండూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. బిళ్లలు అరిగిపోతే ఇదీ మామూలుదానిలా ఎదురు తిరుగుతుంది. మా చక్రాలు బుద్ధిగా ఒకే దిక్కుకు తిరిగాయి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఒక చక్రాన్ని నేలమీదే ఉంచి, పైకెత్తినదాని హబ్బుకు టార్క్ రెంచి తగిలించి, ఎంత బలానికి కదులుతుందో చూసి, బండి సర్వీసు పుస్తకంలోని అంకెతో పోలుస్తారట.

ఇక్కడ రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఒక చక్రం మాత్రం పైకెత్తి, ఇంజను నడిపి గేరు వేసి చూద్దామని ఎవరైనా అంటే దూరంగా జరగండి. మామూలు బండిలో గాలిలో ఉన్న చక్రం తిరిగి ఊరుకుంటుంది. లిమిటెడ్ స్లిప్ బండిలో నేలమీది చక్రానికి కూడా బలం అంది, బండి జాకీ మీదనుంచి దూకుతుంది. రెండో మాట, 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో, 2021లో వచ్చిన బొలేరో నియోలో కొన్ని రకాలకు ఉన్నది బిళ్లలరకం కాదు, లాకురకం. రెండు చక్రాల వేగాల తేడా బాగా పెరిగేవరకూ అది మామూలు డిఫరెన్షియల్‌లాగే నడుచుకుంటుంది, పెరిగాక టక్కున బిగుసుకుంటుంది. దానిని చేత్తో తిప్పి, ఎదురు తిరుగుతున్నది గనుక చెడిపోయిందని తేల్చేవాళ్లున్నారు. బురదలో వినిపించే ఆ టక్కును చూసి పన్ను విరిగిందని భయపడేవాళ్లూ ఉన్నారు. ఏ రకమో తెలుసుకున్నాకే పరీక్ష.

ఆఖరున అడుగు మర విప్పి నూనె తీశాడు. దానికి అయస్కాంతపు ముక్క ఉన్నది. దాని మీద కాటుకలాంటి బూడిదరంగు ముద్ద పట్టి ఉన్నది. నా ముఖం చూసి, "ఇది మామూలేనండీ, వాడకానికి అరిగే అరుగుదల," అని దానిని వేళ్ల మధ్య రుద్ది చూపించాడు. మెత్తగా ఉన్నంతవరకు భయం లేదట. గోటికి తగిలే పెచ్చులు, సూదుల్లాంటి ముక్కలు కనిపిస్తే భయపడాలి. నూనె ముక్కు బద్దలయ్యేట్టు కంపు కొట్టింది. కాలిపోయిందా అన్నాను. కాదట. ఈ గేర్ల నూనెలో గంధకపు ద్రవ్యాలు కలుపుతారు, కొత్తడబ్బా మూత తీసినా అదే వాసన. మాడినదీ కాదు, ముక్కలూ లేవు. ఉన్నదల్లా మాడిఫయర్ కలవని వట్టి గేరు ఆయిలు.

కొత్త నూనె, దానిలో కలిపే చిన్న సీసా, కూలీ అన్నీ కలిపి నాలుగంకెల్లో తేలింది. బండి దించి, "ఖాళీస్థలంలో మెల్లగా ఒక పది ఎనిమిదులు తిప్పండి మాస్టారూ," అన్నాడు. కొత్త నూనె బిళ్లల సందుల్లోకి చేరాలంటే బండి అటూ ఇటూ మలుపులు తిరగాలి. ఎనిమిదంటే ఇంగ్లీషు 8 అన్నమాట. మన ౮ తిప్పితే ఒకవైపే వంకర తిరిగి ఊరుకుంటుంది. నాలుగో ఎనిమిదికి గడగడ సన్నగిల్లింది. ఏడోదానికి లేదు. మా అమ్మ వెనక సీటులోనుంచి, "పళ్లు కొరకడం మానేసిందిరా," అన్నది.

ఇంతవరకు జరిగినదానినిబట్టి అరిచే ఇరుసు మంచిదని ఎవరైనా అనుకుంటారేమో. ఆ షెడ్డులోనే, మా బండి పక్కనే, మా బావమరిది బండి నిలబడి ఉన్నది. దానికి ఏ చప్పుడూ లేదు. అతను నూనె తీయించుకోవడానికి రాలేదు, మాకు తోడు వచ్చాడు. పెద్ద మెకానిక్కే వదలలేదు. "వరద తరువాత ఇరుసు విప్పావా?" అన్నాడు. విప్పలేదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో కృష్ణకు వచ్చిన వరద మరిచిపోయేది కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వదిలారు. రేపల్లె వైపు కరకట్ట వెంట ఊళ్లు రాత్రిళ్లు నిద్రపోలేదు. ఆ రెండు రోజులూ మా బావమరిది లంకల్లోని చుట్టాలనూ, వాళ్ల సామానునూ మెరకకు చేర్చాడు. చక్రాల నడుముదాకా నీళ్లలో ఎన్నిసార్లు దిగాడో లెక్క లేదు. బండి ఆగలేదు, మొరాయించలేదు. తరువాత కడిగించి, పూలదండ కూడా వేశాడు.

ఇరుసులో జరిగేది ఇది. రోడ్డు మీద నడిచి వచ్చిన ఇరుసు వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. ఆ గాలి పోవడానికి పైన బ్రీదర్ అనే చిన్న ముక్కు ఉంటుంది. ఆ వేడి ఇరుసును చల్లని నీళ్లలో దించగానే లోపలి గాలి కుంచించుకుపోయి, ముక్కుతోనో సీళ్ల సందులతోనో బయటనుంచి పీలుస్తుంది. బయట ఉన్నది గాలి కాదు, కృష్ణ. నీళ్లు నూనెలో కలిసినా గేర్లు వెంటనే అరవవు. తిరిగినంతకాలం నూనె, నీరు కలిసి చిలకబడి పళ్లకు ఎంతో కొంత పూతగా ఉంటుంది. రాత్రిపూట బండి నిలిచి ఉన్నప్పుడు నీరు అడుగుకు దిగి ఉక్కును తింటుంది.

నల్లగా రావలసిన నూనె, పాలు ఎక్కువైన కాఫీలాగా వచ్చింది. మా బావమరిది పళ్లెం వైపు చూసి నా వైపు చూశాడు. "ఒక్క చప్పుడైనా లేదు బావగారూ," అన్నాడు. అయస్కాంతం మీద ముద్దతోపాటు చిన్న చిన్న పెచ్చులున్నాయి. మూత విప్పించి చూశాము. క్రౌను పళ్లు బాగున్నాయి, ముఖాలు నిగనిగలాడుతున్నాయి. పినియన్ బేరింగు రోలర్ల మీద మాత్రం తుప్పు గుంటలు పడ్డాయి. ఇంకొన్ని నెలలు గడిస్తే బేరింగు పగిలి, పినియన్ తన చోటినుంచి జరిగి, క్రౌను పళ్లను కొరికేదట. అప్పుడు సెట్టు మొత్తం దించాలన్న మాట నిజమయ్యేది. బేరింగులు, సీళ్లు మార్చి, పళ్ల మధ్య సందు డయల్ గేజితో కొలిచి సరిచేసి, నూనె రెండుసార్లు మార్చాడు. మొదటిసారి పోసినది కొద్దిదూరం తిప్పి, మిగిలిన తడిని కడిగించడానికి. పని రెండు రోజులు పట్టింది.

తిరుగుప్రయాణానికి మేము బండెక్కుతూ ఉంటే పెద్ద మెకానిక్కు మా బావమరిదికి బ్రీదర్ చూపిస్తున్నాడు. దానికి ఒక రబ్బరుగొట్టం తగిలించి, ఇరుసుకన్న బాగా ఎత్తుకు, బాడీ కిందిదాకా తీసుకుపోయి కట్టాడు. ఆ గొట్టం ఖరీదు నేను అడిగాను. ఆయన ముక్క కత్తిరించిన చుట్ట చూపించి, "అడుగెంతో రాసుకోలేదండీ," అన్నాడు.